దించుడు

మామునూరు రన్‌వే ఇంకా పది మైళ్లు.
మూడు వేల అడుగుల ఎత్తుల ఉండాల్సినోళ్లం
నాలుగున్నర వేలల్ల ఉన్నం.
వెనుక నుంచి తోసే గాలి, ఆలస్యంగ దొరికిన అనుమతి,
కారణాలు రేపు రాసుకోవచ్చు.
ఇప్పుడు మాత్రం పదిహేను వందల అడుగులు
పొద్దుగూకినంక అంగడిల మిగిలిన సరుకు లెక్క
మా చేతులల్లనే ఉన్నయి.

ముక్కు కిందికి వంచితే దిగుతది కదా అనిపిస్తది.
దిగుతది.
గని దిగిన ఎత్తు ఎటూ పోదు,
వేగమై మళ్ల మన ఖాతాలనే పడ్తది.
ఒక షావుకారి అప్పు ఇంకో షావుకారికి మార్చుడే,
తీరుడు కాదు.

అందుకే ముందుగాల నిమ్మళం కావాలె.
దిగుడు ఆపి, మట్టంగ పట్టి,
రన్‌వే ఇంకింత కిందికి జారిపోతున్నట్టు కనపడ్డా
ఓర్చుకొని
వేగం చచ్చేదాంక ఉండాలె.
నేను నేర్చుకున్నవాట్ల ఇదే కష్టమైంది:
ఆలస్యమైనప్పుడు ఆగుడు.

"గేర్ డౌన్" అన్న.
కెప్టెన్ కురియన్ మీట కిందికి గుంజిండు.
కడుపుల నుంచి చక్రాలు బయటికొచ్చి
గాలిని గుద్దిన చప్పుడు.
రెక్కల మీద పలకలు లేచినయి, వెనుక ఫ్లాపులు జారినయి.
విమానమంత సన్నగ వణికింది
జ్వరం దిగే మనిషి లెక్క.

మా నాయిన ఓదెలు మందమర్రిల
షాఫ్టు మీద వైండింగ్ ఇంజన్ నడిపిండు, ఇరవై ఆరేండ్లు.
ఎన్నడు విమానం ఎక్కలే. బాయిల దిగింది కూడ తక్కువే.
ఆయన పనంత కుర్సీల కూసొని
తాడు కొసకు వేలాడే మనుషులను
తనకు కనపడని చీకట్లకు పంపుడు.
గంట మూడుసార్లు మోగితే
కేజ్‌ల మనుషులున్నట్టు.
అప్పుడు ఆయన చెయ్యి మారేది.
"బొగ్గునైతె గుంజుతం బిడ్డా,
మనిషినైతె దించుతం" అనేటోడు
అన్నంల పచ్చిపులుసు కలుపుకుంట,
ఉప్పు తక్కువైందని చెప్పినట్టే.

కింద కాజీపేట యార్డుల పట్టాలు మెరిసినయి.
వడ్డేపల్లి చెరువు ఒక్క రెప్పపాటు తెల్లగ కొట్టి పోయింది.
ఎనుమాముల దిక్కు ఎర్రటి మరక,
మిర్చి కుప్పలో, నా కండ్ల మంటో.

వెయ్యి అడుగులు.
ఇక్కడికొచ్చేసరికి అన్నీ కుదిరి ఉండాలె. ఇది గీత.
ఎత్తు కుదిరింది, దాదాపు.
వేగం పద్దెనిమిది నాట్లు ఎక్కువ.
రన్‌వే ముందట చాప లెక్క పరిచి ఉంది,
రాయే, ఏం కాదు, అంటున్నట్టు ఉంది.
నాలుగో వరుసల ఒకామె
పెండ్లి పత్రికల సంచి ఒడిల పెట్టుకొని కూసుంది,
ఎక్కేటప్పుడు చూసిన.
కురియన్ ఏమీ అనలే.
ఫ్లాపుల మీట దగ్గర చెయ్యి పెట్టి
నా మాట కోసం చూసిండు.

"గో అరౌండ్."

ఇంజన్లు గొంతెత్తినయి.
పైస పైస కూడబెట్టి తీర్చిన ఎత్తంత
ఒక్క నిమిషంల మళ్ల అప్పు తెచ్చుకున్నం.
సిగ్గనిపించింది, అబద్ధమెందుకు.
హన్మకొండ మిద్దెలన్నీ తలకాయలెత్తి
నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

రెండోసారి దూరం నుంచే మొదలుపెట్టినం.
దాని గురించి చెప్పెటందుకు ఏం లేదు.
చక్రాలు నేలను ఎప్పుడు తాకినయో
పత్రికల సంచి ఆమెకు కూడ తెలిసి ఉండదు.

తలుపు కాడ ఒక ముసలాయన, రుమాలు సర్దుకుంట,
"రెండుసార్లు తిప్పినవు, నూనె దండుగ కాలేదా బిడ్డా?" అన్నడు.
అయింది తాతా అన్న.

రాత్రి నాయినకు ఫోన్ల అంత చెప్పిన.
వేగం, ఎత్తు, గాలి, కురియన్ చెయ్యి.
చాలాసేపు సప్పుడు లేదు.
"లోపల ఎంతమంది?" అని ఒక్కటే అడిగిండు.
నూట నలభై రెండు.
"గంట ఇన్నవన్నట్టు" అన్నడు,
అని దగ్గుకుంట ఫోన్ అమ్మకిచ్చిండు.